పెరటాసి నెలలో ముక్కుపురుగులు

తోటలో గుళికలు వేసిన రోజున అమ్మకు నేనే తినిపించేదాన్ని. సబ్బు పెట్టి ఎంత కడిగినా ఆ పూట తన చేతులను తానే నమ్మేది కాదు. వసారా గోడకు ఆనుకుని, అరచేతులు వెల్లకిలా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేది. నేను సంగటి తుంచి పప్పులో అద్ది అందిస్తుంటే చిన్నపిల్లలా నోరు తెరిచేది. కొంచెం తిని చాలనేది. తల తిరుగుతోందని పడుకునేది. ఒక్కోసారి సాయంత్రానికి ఆ తిన్నది కూడా వాంతి అయిపోయేది.

మాది పుంగనూరుకు దగ్గరలోని పల్లె. చుట్టూ టమోటా తోటలే. మా నాయన మాత్రం బోరు కింద ఉన్న నేలలో యాలక్కి అరటి పెట్టేవాడు. అరటికి అసలు శత్రువు ముక్కుపురుగు. వడ్లగింజ కంటే కాస్త పెద్దగా, నల్లగా, ముందుకు సాగిన ముక్కుతో ఉంటుంది. చెట్టు మొదట్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు దుంపలోకి తొలుచుకుంటూ పోతాయి. పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. గెల వేసి బరువెక్కాక ఒక గట్టి గాలి వస్తే మొదలుకంటా కూలిపోతుంది. అందుకే ఊళ్లో అరటి పెట్టే వాళ్లందరిలాగే మేమూ గుళికల మందు వాడేవాళ్లం. నాటేటప్పుడు గుంతలో, ఆ తర్వాత చెట్టు మొదట్లో, మొవ్వులో. ఊదారంగు ఇసుకలా ఉండేది. చిటికెడు చిటికెడు తీసి వెయ్యాలి. నాయన చెయ్యి దూకుడుది, ఎక్కువ పడేస్తాడని ఆ పని అమ్మ తన మీద వేసుకుంది.

నేను అప్పుడు మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. ఒక రోజు కాలేజీ ఎగ్గొట్టి అమ్మను అక్కడే ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆమె అన్నీ అడిగి, ఆ గుళికల జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది. బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఊరు దాటేదాకా బయటికే చూసింది. తర్వాత నవ్వింది.

"డాక్టరమ్మకేం, ఆమెకు అరటితోట లేదు. మీ అవ్వకు మాత్రం సెప్పొద్దు. ఉష్ణమంట అని సెప్తా."

ఎందుకు చెప్పకూడదో నేను అడగలేదు. అడగకపోవడం నాకు బాగా అలవాటు. అడగాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ రోజు పేజీలో ఒకే కోరిక రాశాను. అమ్మ చేతులు మళ్లీ ఆ గుళికల్లోకి పోకూడదు.

కాలేజీ నుంచి వచ్చేటప్పుడు పుంగనూరులో బస్సు మారాలి. పల్లెకు పోయే బస్సు ఎప్పుడూ ఆలస్యమే. ఆ ఆలస్యమంతా నాకు గ్రంథాలయంలో గడిచేది. కథల పుస్తకాల కోసం పోయేదాన్ని కానీ, ఆ ఏడాది వ్యవసాయ పత్రికలు తిరగేయడం మొదలుపెట్టాను. అలా ఒకదాంట్లో ముక్కుపురుగు గురించి దొరికింది. గెల కోసిన చెట్టు బోదెను మూరెడు ముక్కలుగా నరికి, నిలువునా చీల్చి, చీల్చిన వైపు నేలకు ఆనేలా చెట్ల మొదళ్ల దగ్గర పెట్టాలట. పచ్చి బోదె వాసనకు పురుగులు ముక్క కిందికి చేరతాయి. పొద్దున్నే తిప్పి ఏరేయాలి. ముక్క కుళ్లకముందే మార్చాలి. పిలకలు నాటే ముందు దుంపను తెల్లగా చెక్కి, పేడ, బూడిద కలిపిన నీళ్లలో ముంచాలి. కూలిన చెట్ల మొద్దులు తోటలో వదిలిపెట్టకూడదు, పురుగు వాటిలోనే పెరుగుతుంది. అంతా రాసుకుని తెచ్చాను.

తేవడం సులువే. నాయనకు చెప్పడం ఎలా? మా ఇంట్లో నా గొంతు గట్టిగా వినిపించేది పేపరు చదివేటప్పుడే. సాయంత్రం నాయన కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే నేను చదివేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఆ రోజు వానల వార్త అయిపోగానే అదే గొంతుతో, ఆపకుండా, మడతలో పెట్టుకున్న కాగితం చదివేశాను.

నాయన కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఇది ఏ పేపర్లో ఏసినారు?"

"లైబ్రరీ పుస్తకంలో, నాయనా."

"మరి పేపరు మద్దెలో యాల పెట్టుకున్న్యావు?"

పొయ్యి దగ్గర నుంచి అమ్మ అందుకుంది. "పేపర్లో ఉండేదైతేనే నువ్వు నమ్ముతావని."

నాయన చాలాసేపు తల గోక్కున్నాడు. అమ్మతో డాక్టరమ్మ ఏమన్నదో ఆయనకు తెలుసు. చివరికి అన్నాడు. "ఈ ఒక్క పంటకు సూస్తాం. సెట్లకు పురుగు ఎక్కువైందని తెలిసిన పొద్దే గుళికలు ఏసేది. అప్పుడు ఏడిస్తే కుదరదు."

పిలకలు మేనత్త వాళ్ల తోట నుంచి తెచ్చుకున్నాం. వాళ్లది కుప్పం దగ్గర. మా బంధువుల్లో అరటి పిలకలను ఒకరికొకరు ఉత్తినే ఇచ్చుకుంటారు, పెరుగు తోడు ఇచ్చినట్టు. ఆ తోడుతోనే పురుగు కూడా ఇల్లిల్లూ తిరుగుతుందని ఎవరికీ పట్టేది కాదు. నేను, అమ్మ అక్కడే గట్టు మీద కూర్చుని దుంపలను కత్తితో చెక్కుతూ, నల్లటి బెజ్జాలు కనిపించిన వాటిని పక్కన పడేస్తుంటే అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమే కోడలా, నా పిలకలకు గుండు కొడతాండావు. తిరపతి మొక్కుబడి ఏమన్నా ఉండాదా?"

మంచి జవాబు నాకు ఇంటికొచ్చాక తట్టింది. డైరీలో రాసుకున్నాను.

తొలకరిలో, ముంగారు వానలకు నాటాం. సాళ్ల మధ్య అమ్మ అలసందలు చల్లింది, గట్ల వెంబడి బంతినారు పెట్టింది. ఎండుటాకు, వేరుశనగ పొట్టు తెచ్చి మొదళ్ల చుట్టూ పరిచాం. గట్టు అవతల మా పాత తోట ఉంది. గెలలు కోసేసిన చెట్లను నరికి, చీల్చి, ముక్కలను కొత్త తోటలోకి మోశాం. మొద్దులు మాత్రం తర్వాత చూద్దామని నాయన అలాగే వదిలేశాడు. పక్కచేను ఆయన టమోటాకు మందు కొడుతూ, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి మరీ అడిగాడు.

"ఏమప్పా, అందరూ సెత్త బయటికి మోస్తారు. మీరు లోపలికి మోస్తాండారే."

"మా పాప సదువుతాండాది. నేను మోస్తాండా," అన్నాడు నాయన.

పత్రికలో రాసినట్టే జరిగింది. పొద్దున బోదె ముక్క తిప్పితే, తడి వైపున నల్లటి పురుగులు కదలకుండా, చచ్చినట్టు నటిస్తూ ఉండేవి. అమ్మ వాటిని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేది. రోజురోజుకూ అవి తగ్గుతుంటే అమ్మ నడకే మారింది. నేను బస్సుకు పరిగెత్తే ముందు డబ్బాలోకి తొంగిచూసి పోయేదాన్ని.

అప్పుడు పెరటాసి నెల వచ్చింది.

మా వైపు పెరటాసి అంటే వెంకటేశ్వరస్వామి నెల. శనివారాలు తలస్నానాలు, నామాలు, పులిహోర. పిల్లలు చెంబులు పట్టుకుని గోవిందా అంటూ ఇంటింటికీ బియ్యానికి వస్తారు. నెలంతా ఇంట్లో మాంసం వండరు. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, దానికి ఇంకో రెండు ఆకులు ఎక్కువే చదివింది. ఆ నెలలో చీమల బారు అడ్డం వస్తే ఆగి, అది పోయాక అడుగేసేది. మొదటి శనివారం అమ్మ డబ్బా పట్టుకుని తోటలో నుంచి రావడం చూసి ఎదురెళ్లింది.

"ఈ నెల్లో కూడానా మే? స్వామి సూస్తాండాడు."

"పురుగులు నెల సూసుకోని తింటాండాయా అత్తా?"

"అదంతా నాకు తెల్దు. ఇట్లియ్యి. ఈ నెల పురుగుల సంగతి నేను సూసుకుంటా."

మా కళ్ల ముందు కాకుండా ఎక్కడో పక్కకు తీసుకుపోయి చంపుతుంది కాబోలని మేం అనుకున్నాం. అవ్వ తెల్లవారగానే లేచి, వక్కాకు నములుతూ, తన పాత సున్నం డబ్బా ఒకటి పట్టుకుని తోటలోకి పోయేది. ముక్కలన్నీ తిప్పేది, నిదానంగా ఏరేది. ఆ వయసులో అంత శ్రద్ధగా చేస్తున్నందుకు నాయన ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

కానీ పురుగులు తగ్గలేదు, పెరిగాయి. అవ్వ డబ్బా రోజూ నిండుగానే ఉండేది. చెట్ల మొదట్లో జిగురు కారడం కనిపించింది. నాయన ఒక రోజు పుంగనూరు నుంచి వస్తూ గుళికల ప్యాకెట్ తెచ్చాడు. పశువుల కొట్టంలో దూలానికి ఉన్న కొక్కేనికి తగిలించాడు.

"పెరటాసి అయిపోనీ. మాటంటే మాటే గదా," అన్నాడు నా వైపు చూడకుండా.

అమ్మ పాలు పితికేటప్పుడు ఆ కొక్కేనికి వీపు పెట్టి కూర్చునేది. నేను ఆ వారమంతా గ్రంథాలయానికి పోలేదు. బస్టాండులోనే నిలబడ్డాను.

ఆదివారం పొద్దున అవ్వకు మోకాళ్ల నొప్పి ఎక్కువై లేవలేకపోతే నేను పోయాను. మొదటి ముక్క తిప్పగానే ఆశ్చర్యపోయాను. పురుగుల్లో కొన్నిటి వీపు మీద తెల్లటి చారలున్నాయి. కొత్త జాతి ఏదో వచ్చిందనుకున్నాను. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని గోటితో గీకితే తెలుపు రాలింది. సున్నం.

ఆ పురుగును పిడికిట్లో పట్టుకుని ఇంటికి వచ్చాను. నాయన అరుగు మీద ఉన్నాడు. చెయ్యి చాపి చూపించాను. ఆయన పురుగును, లోపల మంచం మీద కూర్చున్న అవ్వను, గూట్లో ఉన్న సున్నం డబ్బాను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"మా, ఏరిన పురుగుల్ని ఏం సేస్తాండావు?"

"ఏం సేసేదేముంది. ఇడిసిపెడతాండా."

"యాడ?"

"గట్టు అవతల, పాత తోటలో. వాటి ఇల్లు ఆడే గదా. ఆ మొద్దుల దగ్గిర సల్లగా ఉంటాది. అవి ఎగరలేవు, యాడికి పోతాయిలే అనుకుంటి."

నాయన ముఖం ఎర్రబడింది. తిడతాడనుకున్నాను. కానీ నా అరచేతిలోని పురుగును ఇంకోసారి చూసేసరికి ఆయనకు నవ్వు ఆగలేదు. "నామాలు పెట్టుకోని, గోవిందా అనుకుంటా, మళ్లా మనింటికే వస్తాండాయి సూడు. బియ్యం ఎయ్యి వాటికి."

అవ్వ మాత్రం నవ్వలేదు. "వస్తే మళ్లా ఇడిసిపెడతా. ఈ నెల్లో నా సేత్తో సంపను."

"నువ్వేం సంపొద్దులే. నెల కాగానే గుళికలు ఏస్తాం. అవే సంపుతాయి," అన్నాడు నాయన లేచి నిలబడి.

అప్పుడు నేను మాట్లాడాను. చేతిలో పేపరు లేదు, కాగితం లేదు. "గుళికలు ఏసేది అమ్మ కదా అవ్వా. ఏసిన పొద్దంతా అమ్మ తినలేదు, లేవలేదు. డాక్టరమ్మ వద్దనింది. పురుగు మీద ఉండే జాలి అమ్మ మీద ఉండొద్దా?" చివరి మాటకు నా గొంతే నాకు కొత్తగా వినిపించి ఆగిపోయాను.

అవ్వ నన్ను కాదు, గుమ్మంలో నిలబడిన అమ్మను చూసింది.

"ఉష్ణమని గదా మే సెప్పింది నువ్వు?"

"సెప్తి."

"గుళికలకా అట్లయ్యేది?"

"అవునత్తా."

"నాకు యాల సెప్పలేదు?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "సెప్తే గుళికలు నేనే ఏస్తానందువు. ఈ వయసులో నీకెందుకులే అని."

బస్సులో నేను అడగని ప్రశ్నకు జవాబు అలా తెలిసింది. అవ్వ నోట్లోని వక్కాకు ఉమ్మేసి వచ్చి, మళ్లీ మంచం మీద కూర్చుంది.

మరుసటి రోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే పెరట్లో గొడవ వినిపించింది. అవ్వ కోళ్ల గంప ఎత్తేసింది. చేతిలోని నూకలు చల్లుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ, బ్బొబ్బొబ్బో అని పిలుస్తూ తోట వైపు నడుస్తోంది. కోళ్లు, వాటి పిల్లలు, ఒక ముసలి పుంజు ఆమె వెనక బారుగా పోతున్నాయి. మేమూ పోయాం. అవ్వ ఒక బోదె ముక్కను కట్టెతో తిప్పి వెనక్కి జరిగింది. కోళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి.

"నేను సంపలేదు," అంది అవ్వ మా వైపు తిరిగి. "దాని ఆకలి దానిది. స్వామి పెట్టిన నోరు."

"మరి కోడికి పాపం రాదా అవ్వా?" అన్నాను. నాకు అంత తొందరగా మాట తట్టడం అరుదు.

"ఈ నెలంతా దాన్ని మనం కొయ్యం. అది పురుగుల్ని తింటాది. ఎవురి లెక్క వాళ్లది."

నాయన పాత తోటలోకి పోయి పార తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. మొద్దులన్నీ తవ్వి, పలచగా చెక్కి ఎండలో ఆరేశాడు. పని ముగిసేసరికి పెరటాసి కూడా ముగిసింది. గుళికల మాట ఆయన ఎత్తలేదు. కానీ ప్యాకెట్టును కొక్కెం మీద నుంచి దించనూ లేదు.

అన్నీ సాఫీగా జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. కోళ్లు పురుగులతో పాటు అలసంద మొలకలను పొడిచేశాయి, బంతినారు గీరేశాయి. పరిచిన పొట్టంతా కాలవలోకి ఎగజిమ్మాయి. అమ్మ వాటిని తిడుతూ తడికె కట్టింది. అలసందలను మళ్లీ చల్లింది. ఆకుల మీద మచ్చలు వస్తే మచ్చాకులు కోసి తోట బయట పోగేసింది. పక్కచేను ఆయన గట్టు మీద నిలబడి, "ఏమప్పా, ఇది అరటితోటా కోళ్లఫారమా?" అనేవాడు. "రెండూ. నీకేం గావాల?" అనేది అవ్వ. బోదె ముక్కల కింద పురుగులు తగ్గాయి. కానీ కనపడని పురుగు లోపల ఎంత తిన్నదో ఎవరికి తెలుసు? గాలి వస్తేగాని తెలియదు.

గాలి ఎండాకాలంలో వచ్చింది. గెలలు వేసి, కాయలు నిండుతున్న రోజులు. మధ్యాహ్నం మూడువైపులా మబ్బు కమ్మి, దుమ్ము లేచి, వడగండ్లతో కొట్టింది. మేం వసారాలో నిలబడి తోట వైపు చూస్తున్నాం. ఏమీ కనిపించడం లేదు. నాయన ఊతకర్రలు పెట్టిన సంగతి పదేపదే చెబుతున్నాడు, ఎవరూ అడగకుండానే. అమ్మ అరచేతులు వెల్లకిలా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. అలా కూర్చున్నట్టు తనకు తెలియదు.

వాన వెలిశాక పోయాం. ఆకులన్నీ పీలికలై వేలాడుతున్నాయి. కొన్ని చెట్లు పడిపోయాయి. నాయన మచ్చుకత్తి తీసుకుని పడిన మొదటి చెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది నడుము దగ్గర విరిగింది. దుంప నేలలోనే ఉంది. మట్టి తోసి, దుంపను అడ్డంగా కోశాడు.

లోపల తెల్లగా ఉంది. కొబ్బరి ముక్కలా.

రెండోది కోశాడు. అదీ తెల్లగానే ఉంది. ఇంకొకదాంట్లో మాత్రం పురుగు తొలిచిన నల్లటి దారులున్నాయి. దాన్ని తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టాడు. మిగతా చెట్లన్నీ, చినిగిన గొడుగుల్లా, నిలబడే ఉన్నాయి. నాయన ఒక్కో చెట్టు మొదలునూ భుజంతో నెట్టి చూస్తూ సాలు చివరిదాకా పోయాడు. తిరిగి వచ్చి అమ్మతో అన్నాడు.

"ఇవి గాలికి పడినాయి. పురుక్కి కాదు."

అమ్మ తల ఊపి, పడిన గెలలో కూరకు పనికొచ్చే కాయలు ఏరడానికి వంగింది.

సాయంత్రం నాయన కొట్టంలోకి పోయి ప్యాకెట్టును దించాడు. విప్పను కూడా విప్పలేదు కదా అని అంగడిలో తిరిగి ఇచ్చేసి వచ్చాడు. అంగడాయన ఏమన్నాడో చెప్పలేదు. ఆ కొక్కేనికి అవ్వ కోడిగుడ్ల బుట్ట తగిలించింది.

మొదటి గెలలు కోసిన రోజు మేమంతా తోటలోనే ఉన్నాం. పక్కచేను ఆయన కూడా గెల మోయడానికి వచ్చి, పోతూ పోతూ గట్టు మీద ఆగాడు. "మ్మా, ఒక పెట్టను, నాలుగు పిల్లల్ని నాకిస్తావా? వచ్చే ఏడు నేనూ అరటి ఎయ్యాలని ఉండాది," అన్నాడు అవ్వతో. "పెరటాసిలో కొయ్యనంటేనే ఇస్తా," అంది అవ్వ.

మధ్యాహ్నం చెట్ల నీడలో అమ్మ సంగటి గిన్నె దించింది. కాలవ నీళ్లలో చేతులు కడుక్కుంది, మామూలుగా, ఒక్కసారే. తడిచేత్తో వేడి సంగటిని ముద్దలు కట్టి అందరికీ ఆకుల్లో పెట్టింది. అరటిపువ్వు కూర వేసింది. నేను మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని చదువుతున్నాను, ఇంకా తినడం మొదలుపెట్టలేదు. అమ్మ ముద్ద తుంచి, కూరలో అద్ది, నా నోటి ముందుకు తెచ్చింది.

"నాకు చేతులున్నాయమ్మా."

"ఉండనీ. నాకూ ఉండాయి. నోరు తెరు."